గేటు బయట నిలబడిన తండ్రి

మూడేళ్లు నిండిన మా అమ్మాయి ఈ ఏప్రిల్‌లో నర్సరీలో చేరింది. మొదటి రోజు ఆయా ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకువెళుతుంటే వెనక్కి తిరిగి, "నాన్నా, నువ్వు కూడా రా" అని పిలిచింది. తల్లిదండ్రులు గేటు దాటరాదన్నది ఆ బడి నియమం. ఇనుప గేటు మూసుకుంది. ఏడుపు వరండా మలుపు దాకా వినిపించి, తరువాత వినిపించడం మానేసింది.

గేట్ల ముందు నిరీక్షించడం నా వృత్తి. ఇరవై ఏళ్లకు పైగా ఢిల్లీలో పార్టీ కార్యాలయాల ముందు, మంత్రుల బంగళాల ముందు, సుప్రీంకోర్టు ఆవరణలో, విజయ్ చౌక్‌లో లోపల ఏం జరుగుతున్నదో తెలియకుండానే గంటల తరబడి నిలబడ్డాను. ప్రభుత్వాలు పడిపోయిన రాత్రులలో కూడా ఆ రోజు ఉన్నంత అసహనంగా లేను. కాపలాదారు నా వంక చూసి, పిల్లలు పది నిమిషాల్లో సర్దుకుంటారు, పెద్దలకే వారం పడుతుందని హిందీలో అన్నాడు. ఏటా ఎందరు తండ్రులను చూశాడో!

ఆ సాయంత్రం తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అక్షరాభ్యాసం చేయకుండానే బడికి పంపేశారేమిట్రా?" అన్నది. ఇక్కడ నర్సరీలో అక్షరాలు నేర్పరమ్మా అని సర్దిచెప్పబోయాను. "నేర్పని బడికి అంత ఫీజెందుకు?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మరునాడు మా ఇంట్లో వంట చేసే ఆమె కూడా అడిగింది, "పాప ఏడ్చిందా?" అని. ఏడ్చిందని చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె కొడుకు వయసూ మూడేళ్లే. ఉదయం ఆరు గంటలకు ఆమె బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేది మధ్యాహ్నం మూడు గంటలకు. పిల్లవాణ్ణి ఎవరు చూస్తారని ఇన్నాళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు. ఆ రోజు అడిగాను. ఎనిమిదేళ్ల కూతురు చూస్తుందట. మరి కూతురి బడి? "వారంలో రెండు మూడు రోజులు వెళుతుంది సాబ్" అన్నది.

చట్టసభలలో విద్యాహక్కు చర్చలను వార్తలుగా రాసిన నాకు, ఆ హక్కు ఎక్కడ జారిపోతున్నదో నా వంటింట్లో నిలబడిన మనిషి చెప్పేదాకా తెలియలేదు. ఈ వ్యాసం ఆ సిగ్గులో నుంచి పుట్టింది. చంటిబిడ్డ ఇంటి గడప దాటి బడి గడప తొక్కే ఆ ఒక్క అడుగుకు మన దేశంలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ అడుగు ఎవరు ఎవరి వైపు వేశారన్నదే ఆ చరిత్ర సారాంశం.

పంతులే ఇంటికి వచ్చిన రోజులు

అమ్మ అడిగిన అక్షరాభ్యాసం నుంచే మొదలుపెడదాం. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో తన ప్రెసిడెన్సీలోని బడుల వివరాలు పంపవలసిందిగా జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు వాటిలో ప్రసిద్ధమైనది. తెలుగు, కన్నడ భాషలు రెండూ వినిపించే ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయని అతడు లెక్క తేల్చాడు. బిడ్డకు అయిదో ఏడు రాగానే జరిగే వేడుకను కూడా వర్ణించాడు. తల్లిదండ్రులు పంతులును, అతని శిష్యులను తమ ఇంటికి ఆహ్వానిస్తారు. వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. పంతులు బిడ్డ వేలు పట్టుకుని బియ్యంలో దేవుని పేరు రాయిస్తాడు. కానుక పుచ్చుకుని వెళ్లిపోతాడు. మరునాటి ఉదయం నుంచి బడి.

ఇంతకాలం దీనిని మతాచారంగానే చూశాను. ఇప్పుడు ఒక తండ్రిగా చదివితే మరొకటి కనబడుతున్నది. బిడ్డ బడికి పోయే ముందు బడే బిడ్డ ఇంటికి వచ్చేది. రేపటి నుంచి తనకు చదువు చెప్పబోయే మనిషిని, తనతో కూర్చోబోయే పిల్లలను ఆ బిడ్డ తన అమ్మ సమక్షంలో, తన ఇంటి చాపమీద ముందుగా చూసేది. కొత్త చోటు భయాన్ని తగ్గించడానికి ఇవాళ్టి మంచి నర్సరీలలో కొన్ని, ఉపాధ్యాయులను ముందుగా ఇళ్లకు పంపుతున్నాయి. అదేదో కొత్త శాస్త్రమని అనుకుంటున్నాం.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగం చేయనవసరం లేదు. క్యాంప్‌బెల్ లెక్కించిన ఆరున్నర వేల పైచిలుకు విద్యార్థులలో ఆడపిల్లలు కేవలం 60 మంది. పంతులు ఏ ఇళ్లకు వెళ్లేవాడో, ఏ వాడల వైపు తొంగిచూసేవాడు కాదో వేరే చెప్పనక్కరలేదు. క్యాంప్‌బెల్ మరొక మాట కూడా రాశాడు. ప్రజలు పేదలైపోతున్నారని, చిన్నపాటి పని చేయగల వయసు రాగానే పిల్లల చేతులు కూడా కుటుంబానికి అవసరమవుతున్నాయని, అందుకే బడులు క్షీణిస్తున్నాయని. తన కంపెనీ పాలనలోని జిల్లా గురించి ఒక కంపెనీ అధికారి చేసిన ఒప్పుకోలు ఇది. తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేసే ఎనిమిదేళ్ల పిల్లను అతడు చూసి ఉంటే కొత్తగా ఏమీ రాయనవసరం ఉండేది కాదు.

మీసాల అమ్మ

ఆధునిక అర్థంలో శిశువిద్య ఈ దేశంలో ఒక తండ్రి ఆందోళన నుంచి పుట్టింది. గిజుభాయి బధేకా 1885లో సౌరాష్ట్రలో జన్మించారు. తూర్పు ఆఫ్రికాలో కొంతకాలం పని చేసి వచ్చి న్యాయవాది అయ్యారు. 1913లో కొడుకు పుట్టాడు. తాను చిన్ననాట చూసిన బెత్తం బడికి ఈ బిడ్డను పంపడమా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. జవాబు కోసం వెదుకుతూ ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి రచనలను చేరుకున్నారు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడ రెండున్నరేళ్లు దాటిన పిల్లల కోసం బాలమందిరం ప్రారంభించారు. వకీలు కోటు విప్పేసి చిన్నపిల్లలతో నేలమీద కూర్చున్న ఆయనను జనం 'మీసాల అమ్మ' అని పిలిచారు. శిశుపాలన తల్లి పని మాత్రమే అని నమ్మే సమాజంలో అది వెక్కిరింతా కావచ్చు, గౌరవమూ కావచ్చు. చివరకు గౌరవంగానే నిలిచింది.

ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా మన ఉపాధ్యాయులకు పరిచితమే. ఆయన పెద్దల కోసం కూడా పుస్తకాలు రాశారు. వాటిలో ఒకదాని పేరుకు అర్థం, తల్లిదండ్రులు కావడం కష్టం. గేటు దగ్గర నాకు ఆ పేరే గుర్తుకువచ్చింది. బడి అంటే బిడ్డను మార్చే చోటు అని మనం అనుకుంటాం. బిడ్డకంటే ముందు మారవలసింది పెద్దలని గిజుభాయి నూరేళ్ల కిందటే చెప్పారు.

1923లో ఆయనతో చేరిన తారాబాయి మోడక్ చరిత్ర మరింత ముఖ్యమైనది. రాజ్‌కోట్‌లో ఉద్యోగం వదులుకుని, చిన్న కుమార్తెను వెంటబెట్టుకుని ఆమె భావనగర్ వచ్చారు. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాలశిక్షణ సంఘాన్ని స్థాపించారు. అయితే మాంటిస్సోరి పరికరాలు ఖరీదైనవి. బాలమందిరాలు నగరాలలో చదువుకున్న కుటుంబాలకే పరిమితం అవుతున్నాయని తారాబాయి గ్రహించారు. 1945లో ఆమె, అనుతాయి వాఘ్ కలిసి ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామానికి వెళ్లారు. చుట్టుపక్కల ఉన్నది వర్లీ ఆదివాసులు. బాలవాడి తెరిస్తే ఆ పిల్లలు రాలేదు. తల్లిదండ్రులు తెల్లవారుతూనే పనికి పోవాలి, పిల్లలను దింపేవారెవరు? అప్పుడు ఆ ఇద్దరు స్త్రీలు బడినే మోసుకుని వాడకు వెళ్లారు. ఇళ్ల ముంగిట్లో కూర్చోబెట్టి ఆడించారు, స్నానాలు చేయించారు, పాటలు నేర్పారు. విదేశీ పరికరాల స్థానంలో గింజలు, ఆకులు, రాళ్లు వచ్చాయి. ముంగిలిని అక్కడి భాషలో అంగణ్ అంటారు. ముంగిట్లో నడిచే బడి అంగన్‌వాడీ అయింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చిక బయలులోనే మరొక బడి నడిపారు.

ఇవాళ దేశమంతా ప్రభుత్వ పథకం పేరుగా పలికే మాట వెనుక ఉన్న అసలు భావం ఇది. బిడ్డ రాలేకపోతే బడే వెళ్లాలి.

తల్లీకొడుకుల ఎడబాటు

ఈ చరిత్రలో మద్రాసుకు కూడా భాగమున్నది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మాంటిస్సోరి 1939లో అడయారు వచ్చారు. దాదాపు 300 మందికి శిక్షణ ఇచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆమె శత్రుదేశపు పౌరురాలైంది. వెంట వచ్చిన మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆమె అడయారు దాటకూడదన్నారు. ఆ ఆగస్టు 31న ఆమెకు 70 ఏళ్లు నిండిన సందర్భంగా వైస్రాయ్ మారియోను విడుదల చేశారు.

మారియో ఎవరన్నది లోకానికి చాలాకాలం దాచిన విషయం. అతడు ఆమె కన్నకొడుకు. అవివాహితగా 1898లో కన్న బిడ్డను ఆమె పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించవలసి వచ్చింది. 1907 జనవరిలో రోమ్ నగరపు కార్మికవాడలో ప్రపంచ ప్రసిద్ధమైన తన తొలి 'పిల్లల ఇల్లు' తెరిచేనాటికి ఆమె బిడ్డ మరెక్కడో పరాయి ఇంట పెరుగుతున్నాడు. యుక్తవయసు వచ్చాకే అతడు తల్లిని చేరుకున్నాడు. బయటి ప్రపంచానికి మేనల్లుడిగానో, పెంచుకున్నవాడిగానో పరిచయమయ్యాడు. ఇతరుల బిడ్డల కోసం ప్రపంచానికి కొత్త బడి ఇచ్చిన స్త్రీకి సొంతబిడ్డను దగ్గర పెట్టుకునే స్వేచ్ఛను సమాజం ఇవ్వలేదు. మా వంటామె నా బిడ్డకు అన్నం వండడానికి తన బిడ్డను తలుపు వెనుక వదిలి రావడం గురించి ఆలోచించినప్పుడల్లా ఈ కథ గుర్తుకువస్తున్నది. కాలాలు వేరు, వర్గాలు వేరు. కాని పరుల పిల్లలను సాకే తల్లుల బిడ్డలను ఎవరు సాకుతారన్న ప్రశ్న ఒక్కటే.

రాజ్యం వేసిన అడుగు, వెనక్కి తీసుకున్న అడుగు

స్వాతంత్ర్యం తరువాత ఆ ప్రశ్న రాజ్యం ముందుకు వచ్చింది. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 23న విద్యకు సంబంధించిన అధికరణంపై చర్చ జరిగింది. ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక దశకే పరిమితం చేయాలన్న సూచనను అంబేడ్కర్ తిరస్కరించారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ప్రమాదకరమైన పనులలో పెట్టకూడదని మరొక అధికరణంలో చెబుతున్నప్పుడు, ఆ వయసు దాకా వారిని ఏదో ఒక విద్యాసంస్థలో ఉంచవలసిందేనన్నది ఆయన తర్కం. ఆ విధంగా వచ్చిన 45వ అధికరణం పదేళ్లలోగా పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలన్నది. దానికి పై వయసు ఉన్నది గాని కింది వయసు లేదు. అంటే మూడేళ్ల బిడ్డ కూడా ఆ వాగ్దానంలో ఉన్నది.

పనులు కూడా కొన్ని మొదలయ్యాయి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. గ్రామాలలో బాలవాడీల విస్తరణకు ఆ బోర్డు ఊతమిచ్చింది. 1969లో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం రాజ్‌ఘాట్ దగ్గర నిర్మాణాలు జరుగుతుంటే, కూలితల్లుల పసిబిడ్డలు ఇసుకలో, దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహాదేవన్ అక్కడే ఒక గుడారంలో శిశుసంరక్షణ కేంద్రం తెరిచారు. మొబైల్ క్రెష్ అలా పుట్టింది. మీనా స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన అధ్యయన బృందం 1972లో ఇచ్చిన నివేదిక ఒక జాతీయ పథకానికి దారి వేసింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమీకృత శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైంది. దేశం అత్యవసర పరిస్థితిలో ఉన్న రోజులవి. పౌరుల హక్కులు రద్దయిన ఏడాదిలోనే పసిపిల్లలకు అంగన్‌వాడీ దక్కింది. చరిత్రకు ఇలాంటి వింతలు కొత్త కాదు.

1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు విద్య ప్రాథమిక హక్కని ప్రకటించింది. 45వ అధికరణాన్నే ఆధారం చేసుకున్నది గనుక ఆ హక్కుకూ కింది వయసు లేదు. దీనికి చట్టరూపం ఇస్తున్నామంటూ పార్లమెంటు 2002లో 86వ సవరణ చేసింది. 21ఏ అధికరణం చేర్చి విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఈ ఘనతనే మేమంతా వార్తగా రాశాం. కాని ఆ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే. ఆరేళ్ల లోపు వారిని తిరగరాసిన 45వ అధికరణంలోకి, కృషి చేయాలన్న ఆదేశిక సూత్రం కిందికి నెట్టేశారు. తదుపరి వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లల పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అన్నది; 'చేయాలి' అనలేదు. ఒక్క క్రియాపదంలో కోట్ల పిల్లల హక్కు ప్రభుత్వాల ఇష్టంగా మారింది. 2015లో లా కమిషన్ తన 259వ నివేదికలో ఆరేళ్ల లోపు పిల్లల సంరక్షణను ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో చేర్చాలని సిఫారసు చేసింది. అది ఇంకా సిఫారసుగానే ఉన్నది.

మార్కుల వేట, మూతపడిన తలుపులు

రాజ్యం ఖాళీ చేసిన చోటులోకి విపణి వచ్చింది. 1989లో రాజ్యసభలో ఆర్.కె. నారాయణ్ తన తొలి ప్రసంగంలో దేశ సమస్యలన్నీ పక్కనపెట్టి చిన్నపిల్లల బడిసంచీ బరువు గురించి మాట్లాడారు. తరువాత నియమితమైన యశ్‌పాల్ కమిటీ 1993లో నర్సరీ ప్రవేశాలకు పరీక్షలు, ఇంటర్వ్యూలు రద్దు చేయాలన్నది. ఢిల్లీలో ఆ జాడ్యం ఎంత ముదిరిందంటే హైకోర్టు జోక్యం చేసుకుని 2006లో అశోక్ గంగూలీ కమిటీని వేయవలసి వచ్చింది. ఇంటర్వ్యూలు పోయి పాయింట్ల పద్ధతి వచ్చింది. ఇంటి నుంచి బడికి దూరమెంత, అన్నో అక్కో అక్కడ చదువుతున్నారా, తల్లిదండ్రులు ఆ బడి పూర్వవిద్యార్థులా! గత డిసెంబరులో నేనూ ఫోన్‌లో మ్యాపు తెరిచి, ఏ సందు గుండా కొలిస్తే దూరం తగ్గుతుందో చూశాను. నియోజకవర్గాల పునర్విభజనను విశ్లేషించే వాడిని, మూడేళ్ల బిడ్డ కోసం సరిహద్దులు సవరించే ప్రయత్నం చేశాను.

హైదరాబాదు, విజయవాడలలోనూ కథ వేరు కాదు. రెండున్నరేళ్లకు ప్లే స్కూలు, నాలుగేళ్లకు ఎల్‌కేజీలో హోంవర్కు. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పునాది దశ అన్నది, ఆట ద్వారానే నేర్పాలన్నది. మంచి మాట. అయితే ఆ పునాది వేయవలసినవారు ఎవరు? ప్రధానంగా సుమారు 14 లక్షల కేంద్రాలలోని అంగన్‌వాడీ కార్యకర్తలు. వారికి కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం 2018 అక్టోబరులో నెలకు 4,500 రూపాయలైంది. రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. వేతనం అనకుండా గౌరవవేతనం అనడంలోనే వారు ఉద్యోగులు కారన్న మెలిక ఉన్నది. వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. దాని అమలుకు, జీతాల పెంపుకు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. అంటే వారిది అత్యవసర సేవ అని రాజ్యం లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టే. అత్యవసరం అన్న గుర్తింపు శిక్షించే వేళ వచ్చి, జీతమిచ్చే వేళ రాకపోవడమే మన శిశువిధానం.

తిరిగి ఆ ఎనిమిదేళ్ల పిల్ల దగ్గరికి వద్దాం. ఆమెకు విద్య ప్రాథమిక హక్కు. ఆమె తమ్ముడికి సంరక్షణ ఆదేశిక సూత్రం. ఒకే గదిలో ఉన్న ఆ ఇద్దరి మధ్య రాజ్యాంగం గీసిన గీత నిలవడం లేదు. తమ్ముడికి హక్కు లేదు గనుక అక్క హక్కు చెల్లడం లేదు. వంటింటికి వెళ్లే తల్లి అడుగుకు, బడికి వెళ్లవలసిన అక్క అడుగుకు మధ్య ఆ మూడేళ్లవాడున్నాడు. ఈ సంగతి వర్లీ వాడలో తారాబాయికి 1945లోనే అర్థమైంది. 2002లో మన పార్లమెంటుకు అర్థం కాలేదు.

మా అమ్మాయి ఆరో రోజున ఏడవలేదు. ఏడో రోజున వెనక్కి తిరిగి చూడలేదు. గేటు కాపలాదారు చెప్పినట్టు నాకే వారం పట్టింది. వచ్చే దసరాకు తెనాలి వెళ్లి, అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి బియ్యంలో వేలు పెట్టిస్తాం.

మా వంటామెను ఉదయం తొమ్మిదిన్నరకు రమ్మన్నాం, జీతం తగ్గించకుండా. ఇప్పుడామె కొడుకును తమ సందులోని అంగన్‌వాడీలో దింపి వస్తున్నది. మొదటి రోజు వాడు ఏడ్చాడా అని నేను అడిగాను. ఏడ్చాడట, గుమ్మం పట్టుకుని. చెబుతూ ఆమె కళ్లు తుడుచుకున్నది. ఆ దుఃఖం ఆమెకు అంతకుముందు దొరకలేదు; తలుపు గొళ్లెం పెట్టి వచ్చే తల్లికి వీడ్కోలు చెప్పే తీరిక ఉండదు. అయితే ఆ కేంద్రం మధ్యాహ్నం మూసేస్తారు. ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల కోసం ఆ ఎనిమిదేళ్ల పిల్ల ఇప్పటికీ బడి మధ్యలో లేచి వస్తున్నది.